పెంగ్విన్లకు తలంటు

పిల్లలూ, పెంగ్విన్ పక్షిని మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. నల్లకోటు తొడుక్కున్న ప్లీడరుగారిలాగా నిటారుగా నిలబడి, చంటిపిల్లవాడిలాగా తప్పటడుగులు వేస్తుంది. బొమ్మ గీసేవాళ్ళు దాని చుట్టూ తప్పకుండా మంచుగడ్డలు వేస్తారు. అందుచేత పెంగ్విన్లన్నీ దక్షిణధ్రువం దగ్గరే ఉంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆఫ్రికా ఖండం దక్షిణపు కొసన, చక్కగా ఎండ కాసే సముద్రతీరంలో, ఇసుకలోనూ పొదల కిందా గూళ్ళు చేసుకుని కాపరముండే పెంగ్విన్లు ఉన్నాయి.

వీటి ఎత్తు సుమారు రెండడుగులు. బరువు మూడు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. గొంతు మాత్రం మహా కటువు. గాడిద ఓండ్ర పెట్టినట్టు అరుస్తాయి. అందుకే వీటికి ‘గాడిద పెంగ్విన్’ అని పేరు కూడా పడింది. కంటిపైన గులాబిరంగు మచ్చ ఒకటి ఉంటుంది. ఎండ ఎక్కువైనప్పుడు నెత్తురు ఆ మచ్చలోకి ఎక్కువగా పారి చల్లబడుతుంది. రొమ్ము మీద నల్లని చుక్కలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పక్షుల చుక్కలూ ఒకలాగా ఉండవు. ఒకసారి జతకట్టిన ఆడా మగా సాధారణంగా ఏటేటా కలిసే ఉంటాయి. పాత గూటికే తిరిగి వస్తాయి. రెండు గుడ్లు పెట్టి, నలభై రోజులపాటు వంతులవారీగా పొదుగుతాయి. ఒకటి గూట్లో కూర్చుంటే రెండోది సముద్రంలోకి వెళ్ళి, కవళ్ళో నెత్తళ్ళో కడుపునిండా తిని వస్తుంది.

ఈ వంతుల సంగతి కాస్త గుర్తుంచుకోండి. తరవాత పనికివస్తుంది.

2000వ సంవత్సరం జూన్ 23వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరానికి దగ్గరలో ఒక పెద్ద ఓడ మునిగిపోయింది. దాని పేరు ‘ట్రెజర్’. అంటే నిధి అని అర్థం. పేరు అదేగాని దానిలో ఉన్నది ఇనపరాయి. బ్రెజిల్ దేశంలో ఎత్తిన ఇనపరాయిని అది చైనాకు మోసుకుపోతున్నది. ఇనపరాయి మునిగితే సముద్రానికి అంత బాధ లేదు. కాని ఓడను నడిపేందుకు దాని తొట్లలో 1,300 టన్నుల నూనె ఉంది. ఇది దీపాల్లో పోసే తేటనూనె కాదు, తారులాగా నల్లగా, చిక్కగా, జిడ్డుగా ఉండే నూనె. ఆ నూనె సముద్రం మీదికి వచ్చేసింది.

ఓడ మునిగిన చోటికి ఒక పక్క రాబెన్ దీవి, మరో పక్క డాసెన్ దీవి ఉన్నాయి. రాబెన్ దీవి పేరు మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. నెల్సన్ మండేలాను 18 ఏళ్ళపాటు బంధించి ఉంచిన చెరసాల ఆ దీవి మీదే ఉంది. పూర్వం మనుషుల తాకిడికి ఆ దీవిలో పెంగ్విన్లు పూర్తిగా లేకుండా పోయాయి. 1983లో అవి తమంతట తామే తిరిగివచ్చి గూళ్ళు పెట్టుకున్నాయి. రెండు దీవులూ కలిపి చూస్తే, ఈ జాతి పెంగ్విన్లు ప్రపంచం మొత్తంమీద ఎన్ని ఉన్నాయో వాటిలో అయిదింట రెండు వంతులు ఆ నూనె దారిలో పడ్డాయి. పైగా జూన్ నెల అక్కడ గుడ్లూ పిల్లలూ నిండుగా ఉండే కాలం.

నూనె అంటుకుంటే పక్షికి ఏమవుతుందని మీరు అడగవచ్చు. మనం వారానికొకసారి నూనె రాసుకునే తలంటు పోసుకుంటాం కదా! కాని పెంగ్విన్ సంగతి వేరు. దాని ఒంటి మీద చిన్న చిన్న ఈకలు, ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు, ఒకదాని మీద ఒకటి దట్టంగా పరుచుకుని ఉంటాయి. ఆ కప్పులోంచి నీటిచుక్క లోపలికి దిగదు. లోపల చిక్కుకున్న గాలి వెచ్చగా ఉండి, పక్షిని కాపాడుతుంది. నూనె తగిలిందంటే ఈకలు పాయలు పాయలుగా అంటుకుపోయి కప్పుకు సందులు పడతాయి. అక్కడి సముద్రం చాలా చల్లన. ఆ చన్నీళ్ళు ఒంటికి తగలగానే పక్షి వణికిపోయి ఒడ్డుకు వచ్చేస్తుంది. ఒడ్డున తిండి లేదు. తిండికోసం నీటిలోకి దిగలేదు. ఊరుకుంటుందా అంటే అదీ లేదు. ముక్కుతో ఈకలు శుభ్రం చేసుకోబోయి ఆ నూనెను మింగుతుంది. నూనె కడుపులో పుండ్లు పెడుతుంది. అలా నాలుగు విధాలుగా చావు ముంచుకొస్తుంది.

ఇప్పుడు వంతుల సంగతి గుర్తు తెచ్చుకోండి. ఓడ మునిగిన రోజుల్లో సముద్రంలో ఉన్న పెంగ్విన్లకు నూనె అంటుకుంది. అవి సుమారు 19,000. గూళ్ళలో కూర్చుని ఉన్నవి ఇంకా శుభ్రంగానే ఉన్నాయి. కాని ఆకలేస్తే అవి మాత్రం ఎన్నాళ్ళు గూట్లో కూర్చుంటాయి? ఇవాళ కాకపోతే రేపు నీళ్ళలోకి దిగుతాయి. అంటే కష్టం ఒకటి కాదు, రెండు. నూనె అంటినవాటిని కడగాలి. అంటనివాటిని నూనె జోలికి పోకుండా ఆపాలి. అదీ రోజుల్లో జరగాలి.

ఇలాంటి ఆపద అక్కడ కొత్త కాదు. 1967లో యుద్ధం వచ్చి సూయజ్ కాలువ మూసుకుపోయింది. దాంతో నూనె ఓడలన్నీ ఆఫ్రికాను చుట్టి కేప్‌టౌన్ పక్కనుంచే పోవలసివచ్చింది. మరుసటి ఏడే ఒక ఓడ నూనె ఒలికి పెంగ్విన్లు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. ఆల్థియా వెస్ట్‌ఫాల్ అనే ఆవిడ అరవై పెంగ్విన్లను తన ఇంటికే తెచ్చి సాకింది. ఇంట్లో అరవై గాడిద గొంతులంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి! ఆవిడ మొదలుపెట్టిన ఆ పనే ‘సాంకాబ్’ అనే సంస్థ అయింది. సముద్రపక్షులకు అది ఆస్పత్రి వంటిది.

1994లో ‘అపోలో సీ’ అనే మరో ఓడ మునిగింది. అప్పుడు సుమారు 10,000 పెంగ్విన్లకు నూనె అంటింది. జనం జాలిపడి, పరుగెత్తుకు వెళ్ళి, దొరికిన పక్షినల్లా పట్టి బండ్లలో కుక్కి తెచ్చారు. గాలి చాలక, ఒకదాని మీద ఒకటి పడి, దారిలోనే చాలా పక్షులు చనిపోయాయి. చివరికి బతికినవి సగమే. తెచ్చినవారి మనసులో దోషం లేదు. ఎన్ని పక్షులను ఒక పెట్టెలో పెట్టవచ్చో, పెట్టెకు ఎక్కడ చిల్లులుండాలో వారికి చెప్పేవారు లేకపోయారు. ఆ పాఠం నేర్చుకున్న తరవాత గాలి ఆడే పెట్టెలు తయారు చేయించారు. ట్రెజర్ ఓడ మునిగిన రోజున ఆ ఆరేళ్ళనాటి అనుభవమే వారికి పెద్ద పెట్టుబడి.

కాని పెట్టెలు ఒక్కటీ చాలవు. సాంకాబ్ ఆస్పత్రిలో కొన్ని వేల పక్షులకు మించి చోటు లేదు. అందుచేత నగరంలోనే సాల్ట్ రివర్ అనే పేటలో రైల్వేవారి పాత గిడ్డంగి ఒకటి తీసుకున్నారు. పెరట్లో పిల్లలు ఈదడానికి పెట్టుకునే గుండ్రని తొట్లు తెచ్చి, నీళ్ళు పోయకుండా వరసలుగా వేసి, పెంగ్విన్లకు దొడ్లు చేశారు. ఆ గిడ్డంగికే నూనె పక్షుల్లో ఎక్కువ భాగం చేరాయి. అమెరికానుంచీ ఇతర దేశాలనుంచీ పక్షులను సాకడం తెలిసిన వారు నూటికి పైగా విమానాల మీద వచ్చారు. వారిలో బోస్టన్ నగరపు జలచర ప్రదర్శనశాలలో పెంగ్విన్లను సాకే డయాన్ డినపోలీ అనే ఆవిడ ఉన్నది. ఆవిడ తరవాత ఆ రోజుల గురించి ఒక పుస్తకం రాసింది. గిడ్డంగిలో అడుగుపెట్టగానే ఆవిడను భయపెట్టింది వాసన కాదట, నిశ్శబ్దం. అన్ని వేల గాడిద గొంతులు ఉన్న చోట ఒక్క కూత లేదు. పక్షులన్నీ నల్లగా, ముడుచుకుని, ఊరికే నిలబడి ఉన్నాయి.

పెంగ్విన్లు వచ్చాయని రేడియోలోనూ పత్రికల్లోనూ తెలియగానే జనం కదిలివచ్చారు. రోజుకు వెయ్యిమందికి పైగా వచ్చారు. అంతా ముగిసేసరికి 12,000 మందికి పైగా వాలంటీర్లు పనిచేశారు. ఉద్యోగస్థులు, దుకాణదారులు, ఇల్లాళ్ళు, విద్యార్థులు. తెల్లవారినీ నల్లవారినీ వేరువేరుగా ఉంచే చట్టాలు ఆ దేశంలో పోయి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఇప్పుడు అందరికీ ఒకే రకం రబ్బరు బూట్లు, ఒకే రకం చేతితొడుగులు. వారిలో చాలామంది పెంగ్విన్‌ను అంతకుముందు చేత్తో ముట్టుకుని ఎరగరు.

మీరు పెళ్ళివారి ఇల్లు చూసే ఉంటారు. సాయానికి వందమంది వస్తారు. పెద్దవాడెవడూ పురమాయించకపోతే ఏమవుతుంది? పదిమంది పందిట్లో కుర్చీలు సర్దుతూ ఉంటారు. విస్తళ్ళ దగ్గర ఎవరూ ఉండరు. ఒకే పంక్తికి పప్పు మూడుసార్లు వస్తుంది, ఉప్పు అసలే రాదు. పెళ్ళిలో అయితే నవ్వుకుని ఊరుకుంటాం. గిడ్డంగిలో ఒక తొట్టికి రెండుసార్లు మేత పడి, పక్క తొట్టిని మరచిపోతే నవ్వేందుకు ఏమీ ఉండదు. అన్ని తొట్లలోనూ పక్షులు ఒక్కలాగే నల్లగా ఉన్నాయి. ఏది తిన్నదో ఏది తినలేదో చూసి చెప్పడం ఎవరితరం?

అందుచేత గిడ్డంగిని గదులుగా విభజించి, ఒక్కొక్క గదికి తెలిసినవారిని పెద్దగా పెట్టారు. డినపోలీగారికి కూడా ఒక గది అప్పగించారు. వచ్చిన ప్రతి వాలంటీరునూ ఏదో ఒక పనికి పెట్టాలి. గడ్డకట్టిన చేపలను నీళ్ళలో నానబెట్టి విడదీసేవారు కొందరు. మేత పెట్టేవారు కొందరు. పక్షిని పట్టేవారు, కడిగేవారు, జాలించేవారు, తువ్వాళ్ళు ఉతికేవారు, రెట్టలు ఎత్తి నేల కడిగేవారు, ఇంతమందికీ అన్నం చూసేవారు. లెక్కలు రాసేవారు వేరే. ఒకరోజు వచ్చి రేపు రానివారుంటారు; నెలంతా వచ్చేవారుంటారు. వారం రోజులు చేసినవాడు కొత్తగా వచ్చినవాడికి నేర్పాలి. లేకపోతే నూరుమంది నిపుణులు రోజూ వెయ్యిమందికి పాఠం చెబుతూ కూర్చోవలసిందే, పక్షుల మొహం చూసే తీరికే ఉండదు.

అందరికీ కడగాలనే ఉంటుంది. నల్లటి పక్షి తెల్లబడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది కదా! కాని ఆ పని వెంటనే మొదలుపెట్టకూడదు. నూనెతో, ఆకలితో, భయంతో నీరసించిన పక్షిని తెచ్చిన రోజే తొట్టిలో ముంచితే గుండె ఆగిపోవచ్చు. ముందు దానికి గొట్టంతో నీళ్ళూ, కడుపులోని నూనెను పీల్చేందుకు బొగ్గుపొడి కలిపిన మందూ పోయాలి. కొన్నాళ్ళు తిండి పెట్టి ఒంట్లో బలం రానివ్వాలి. అందాకా అది నల్లగానే ఉంటుంది, మనం చూస్తూ ఊరుకోవాలి. అలాగే పెంగ్విన్‌ను ముద్దుచేయడం కూడా తప్పే. కుక్కపిల్లలాగా నిమిరితే సంతోషించే జంతువు కాదు అది. అడవి పక్షికి మనిషి చెయ్యి పులి పంజా వంటిది. పని ఉంటేనే ముట్టుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. జాలి గలవారికి ఈ నియమాలు పాటించడమే అన్నిటికన్న కష్టం.

మేత పెట్టడం మాత్రం తేలికా? పెంగ్విన్ సముద్రంలో కదిలే చేపను తరిమి పట్టుకుంటుందిగాని, చచ్చిన చేపను ఆహారమని గుర్తించదు. గిన్నెలో పెట్టి ముందుంచితే అటు చూడనైనా చూడదు. కనక ఒక్కొక్కదాన్నీ పట్టి తినిపించాలి. వాలంటీరు మోకాళ్ళ మీద కూర్చుని, పక్షిని కాళ్ళ మధ్య కదలకుండా పట్టి, ఒక చేత్తో ముక్కు తెరిచి, రెండో చేత్తో చేపను గొంతులోకి జార్చాలి. చేప తల ముందు పోవాలి, తోక ముందు పోకూడదు. ఎంచేతంటే చేప పొలుసులూ రెక్కలూ వెనక్కి వాలి ఉంటాయి. తోకవైపునుంచి దిగితే అవి గొంతులో గుచ్చుకుంటాయి. ఈ లోపల పెంగ్విన్ చూస్తూ ఊరుకోదు. దాని ముక్కు కత్తెర వంటిది. చేతులూ కాళ్ళూ గాట్లు పడని వాలంటీరు లేడు. కంటికి అద్దాలు పెట్టుకోకుండా వంగడం మహా ప్రమాదం.

ఇక్కడ ఒక లెక్క వేయండి. ఒక్కో పెంగ్విన్ రోజుకు తక్కువలో తక్కువ 300 గ్రాముల చేప తింటుందనుకుందాం. 19,000 పెంగ్విన్లకు ఎంత కావాలి? 5,700 కిలోలు! ఇది ఒక్కరోజు మేత. రేపు మళ్ళీ అంత కావాలి. వాటిని ఒక్కొక్క చేపగా, ఒక్కొక్క నోట్లో పెట్టాలి.

ఇక తలంటు. అన్నట్టు, వట్టినీళ్ళతో జిడ్డు ఎందుకు పోదో తెలుసునా? నీరూ నూనే ఒకదానితో ఒకటి పొత్తు కలవవు. మధ్యవర్తి కావాలి. మన పెరట్లో కుంకుడుకాయ చేసే పని అదే, సబ్బు చేసే పనీ అదే. సబ్బు అణువుకు రెండు కొసలుంటాయి. ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. వేలకొద్దీ అణువులు ఒక జిడ్డుచుక్కను చుట్టుముట్టి నీటిలోకి లాక్కుపోతాయి. పెంగ్విన్ల మీది నూనె గట్టిపడి ఉంటుంది కనక ముందు దాన్ని కరిగించే మందు చల్లి కాసేపు నాననిస్తారు. తరవాత ఇద్దరు మనుషులు. ఒకరు పట్టుకుంటారు. రెండోవారు గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఈకలు రుద్దుతారు. నీళ్ళు నల్లబడగానే తొట్టి మారుస్తారు, మళ్ళీ నల్లబడితే మళ్ళీ మారుస్తారు. కళ్ళ చుట్టూ, తలమీదా పళ్ళు తోముకునే బ్రష్షుతో మెల్లిగా తీస్తారు. చివరికి నీటిధారతో సబ్బంతా పోయేదాకా జాలిస్తారు. ఈ జాలించడం చూసేవారికి చిన్న పనిలాగా కనిపిస్తుందిగాని, సబ్బు ఇసుమంత మిగిలినా ఈకల్లోకి నీరు దిగుతుంది. అప్పుడు చేసిందంతా వృథా.

ఒక పక్షికి ఇద్దరు మనుషులు, ఇంచుమించు గంటసేపు. మళ్ళీ లెక్క వేయండి. 19,000 పక్షులకు 38,000 గంటల మనిషి పని. ఒక్కడే కూర్చుని రోజుకు ఎనిమిదిగంటలు, ఆదివారమన్నది లేకుండా పనిచేస్తే 4,750 రోజులు పడుతుంది. అంటే 13 ఏళ్ళు! ఇప్పుడు ఆ 12,000 మంది ఎందుకు కావలసివచ్చారో మీకు బోధపడుతుంది.

కడిగిన పక్షిని మర్నాడే సముద్రంలో వదిలేందుకు వీల్లేదు. అది తన ముక్కుతో ఈకలు మళ్ళీ సర్దుకోవాలి, పెంకులు పరుచుకోవాలి. రోజూ కాసేపు నీటిగుంటలో ఈదించి, బయటికి వచ్చాక ఒళ్ళు తడిసిందా లేదా అని చూస్తారు. తడవనిదే ఉత్తీర్ణం అయినట్టు. తడిసినదాన్ని మళ్ళీ వెనక్కి పంపుతారు. అలా వారాలు పట్టింది. ఈలోగా గిడ్డంగిలో నిశ్శబ్దం పోయి, ఓండ్రలు మొదలయ్యాయి. పెంగ్విన్ కోలుకుంటున్నదనడానికి అంతకన్న మంచి గుర్తు లేదు.

శుభ్రంగా ఉన్న పెంగ్విన్ల మాట చెప్పలేదు కదూ? వాటికి శాస్త్రజ్ఞులు ఒక చమత్కారమైన ఉపాయం ఆలోచించారు. పెంగ్విన్ తన గూటికి ఎంత దూరంనుంచైనా ఈదుకుంటూ తిరిగివస్తుంది. కనక వీటిని పట్టి, దూరంగా తీసుకుపోయి వదిలేస్తే, అవి ఈదుకుంటూ వచ్చేసరికి ఇక్కడ సముద్రం శుభ్రపడుతుంది! దొడ్డిలో పెట్టి మేపనక్కరలేదు, కడగనక్కరలేదు. సుమారు 19,500 పక్షులను దీవుల మీద పట్టి, గాలి ఆడే పెట్టెల్లో పెట్టి, లారీల మీద పోర్ట్ ఎలిజబెత్ అనే రేవుకు తోలి వదిలారు. 2021 నుంచి ఆ ఊరి పేరు గెబేహా. కేప్‌టౌన్‌కూ దానికీ దూరం విశాఖపట్నానికీ చెన్నైకీ మధ్య దూరానికి ఇంచుమించు సమానం.

వాటిలో మూడింటి వీపుల మీద, ఆకాశంలోని ఉపగ్రహానికి జాడ తెలిపే చిన్న యంత్రాలు అంటించారు. ఆ మూడింటికీ పీటర్, పామెలా, పెర్సీ అని పేర్లు పెట్టారు. అవి ఎక్కడిదాకా వచ్చాయో రోజూ పటం మీద గుర్తుపెట్టి లోకానికి తెలియజేశారు. గిడ్డంగిలో నడుములు విరిగేలా పనిచేస్తున్నవారికి అంతకన్న మంచి కబురు ఏముంటుంది? పీటర్ ఫలానా అగ్రం దాటాడట, పెర్సీ ముందున్నాడట అని జనం చెప్పుకున్నారు. దారి చెప్పేవారు లేరు, తెలిసిన తీరం కాదు. అయినా మూడూ ఇంటిదారి పట్టాయి. వారాల తరబడి ఈది తమ దీవుల దగ్గరికి చేరుకున్నాయి. అప్పటికి నీటిమీది నూనె చాలావరకు తొలగిపోయింది. ఆ మూడింటిలాగే వేలకువేల పెంగ్విన్లు, పేర్లూ యంత్రాలూ లేనివి, ఈదుకుంటూ వచ్చాయి.

మధ్యలో పాపం, పిల్లలు ఉండిపోయాయి. పెద్దవాటిని తీసుకుపోతే గూళ్ళలో పిల్లలకు మేత పెట్టేవారెవరు? వేలకొద్దీ పిల్లలు చనిపోయాయి. ఈ ఉపాయం పన్నినవారికి ఆ సంగతి ముందే తెలుసు. పెద్దపక్షి బతికితే మళ్ళీ మళ్ళీ పిల్లలను పెడుతుంది, పెద్దపక్షి పోతే పిల్లా పోతుంది. అలా ఆలోచించి నిశ్చయించారు. అది తేలికైన నిశ్చయం కాదు. దొరికినంతలో మూడువేలకు పైగా పిల్లలను ఏరి తెచ్చి, వాటికి వేరే వాలంటీర్లను పెట్టి సాకారు.

నూనె అంటిన 19,000 పెంగ్విన్లలో చనిపోయినవి సుమారు 2,000. తక్కినవన్నీ, అంటే ఇంచుమించు పదింట తొమ్మిది, మూడునెలల్లో మళ్ళీ సముద్రం చేరాయి. ఆరేళ్ళకిందట సగమే బతికాయని చెప్పాను కదా. ఈసారి పక్షులు దాదాపు రెట్టింపు, నష్టం అంతకన్న ఎంతో తక్కువ. వదిలేముందు చాలా పక్షుల రెక్కలకు అంకెలు వేసిన పట్టీలు తొడిగారు. తరవాతి సంవత్సరాల్లో శాస్త్రజ్ఞులు దీవుల్లో పొదల కింద వంగి వంగి ఆ అంకెలు చదివారు. తలంటు పోసుకున్న పక్షులు తమ గూళ్ళలో గుడ్లు పెట్టి పొదుగుతూ కనిపించాయి. మనుషులు చేతులతో పెంచిన అనాథ పిల్లలు కూడా పెద్దవై, జతకట్టి, తల్లులూ తండ్రులూ అయ్యాయి.

కాని ఆ పెంగ్విన్ల కష్టాలు అంతటితో తీరలేదు. పూర్వం మనుషులు వాటి గుడ్లను లక్షలకొద్దీ ఏరి తిన్నారు. తరతరాలుగా దీవుల మీద పేరుకున్న పక్షిరెట్టలను ఎరువుకోసం గీకి ఓడల్లో తరలించుకుపోయారు. ఆ రెట్టల్లోనే గూళ్ళు తొలుచుకునే పెంగ్విన్లు అందువల్ల బయట ఎండన పడ్డాయి. ఈ రోజుల్లో వాటి తిండి అయిన కవళ్ళూ నెత్తళ్ళూ సముద్రంలో తగ్గిపోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లక్షలకొద్దీ ఉన్న ఈ పెంగ్విన్ల జంటలు ఇప్పుడు పదివేలకు లోపే. 2024లో వీటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. 2025 మార్చిలో దక్షిణాఫ్రికాలోని ఒక న్యాయస్థానం ఉత్తర్వు ప్రకారం, పెంగ్విన్లు గూళ్ళు పెట్టే ఆరు చోట్ల చుట్టుపక్కల పదేళ్ళపాటు పెద్ద పడవలవాళ్ళు కవళ్ళూ నెత్తళ్ళూ పట్టకూడదని ఏర్పాటు జరిగింది. ఆ ఆరింటిలో రాబెన్ దీవీ, డాసెన్ దీవీ ఉన్నాయి.

సాంకాబ్ ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తున్నది. తల్లిదండ్రులు ఈకలు రాల్చుకునే కాలంలో వేటకు పోలేక వదిలేసిన పిల్లలనూ, దెబ్బతిన్న పెద్దపక్షులనూ అక్కడికి తెస్తారు. దేశదేశాలనుంచి వాలంటీర్లు వస్తారు. మొదట వారి చేతికి చీపురూ బకెట్టూ ఇస్తారు. నేల కడగడం, తువ్వాళ్ళు ఉతకడం వచ్చిన తరవాతనే పక్షిని పట్టనిస్తారు. ఆ తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు తెరిచి, చేపను తలవైపునుంచి జార్చడం నేర్పుతారు.